కాటుకకు కురచైన పలుపు

దివిసీమలో కాలవ గట్టు మీది ఒక ఊళ్ళో శోభనాద్రి అనే పాడిరైతు ఉండేవాడు. పనిమంతుడే గానీ, తన సొత్తు నలుగురి కళ్ళకూ మెరుస్తూ కనబడాలన్న యావ అతనికి మెండు.

అతనికి కాటుక అనే గేదె ఉండేది. నిగనిగలాడే నలుపు, చుట్టలు తిరిగిన కొమ్ములు. ఆ వేసవిలో అది చూడితో ఉంది. ఎండ ముదరగానే రోజూ ఊరి చివరి బురదగుంటలో దిగి, ముక్కు మాత్రం పైకి పెట్టుకుని పొద్దువాలేదాకా పడుకునేది. ఇంటికొచ్చేసరికి ఒంటినిండా మట్టి అట్టలు కట్టి ఉండేది.

ఇంతలో దగ్గరి టౌనులో పశువుల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. శోభనాద్రి ఆ రోజు నుంచే కాటుకను గుంటకు పోనివ్వడం మానేశాడు. పొద్దున్నే కడిగి, ఆముదం రాసి, రేకుల పాకలో కట్టేసేవాడు.

"మధ్యాహ్నమయ్యేసరికి అది రొప్పుతోందండీ. కాసేపు గుంటలో దిగనివ్వండి," అంది అతని భార్య మాణిక్యం.

"బురద కొట్టుకున్న గేదెకి బహుమతి ఎవరిస్తారే? ఈ నాలుగు రోజులూ ఓర్చుకోనీ," అన్నాడు శోభనాద్రి.

కాటుక ఓర్చుకోలేకపోయింది. మేత సరిగా ముట్టేది కాదు. గుంట వైపు తిరిగి పలుపు లాగేది. అది మొండితనమనుకుని అతను పలుపు ఇంకా కురచ చేశాడు.

తెల్లారితే ప్రదర్శన. జనంలో బెదరకుండా నడవడం అలవాటు చెయ్యాలని కాటుకను బయటికి తీయాలనుకున్నాడు. పనులు తెమిలేసరికే మధ్యాహ్నమైంది. అయినా ఆగకుండా తారురోడ్డు మీద తోలుకుపోయాడు. కొంత దూరం నడిచి కాటుక నిలబడిపోయింది. నాలుక వేలాడింది. అదిలిస్తే రెండడుగులు వేసి, మోకాళ్ళు మడిచి కూలబడింది.

శోభనాద్రి కేక విని మాణిక్యం నీళ్ళ బిందెతో పరుగెత్తుకొచ్చింది. కబురందుకుని పశువుల డాక్టరు సుభాషిణి స్కూటరు మీద వచ్చింది. జ్వరం చూసి, సూది మందు వేసి, "కాలవ నీళ్ళు తెచ్చి పోస్తూనే ఉండండి," అంది.

శోభనాద్రి కాలవకూ రోడ్డుకూ మధ్య పరుగులు పెట్టాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నుదుటి నుంచి చెమట ధారలు కట్టింది.

"పొద్దుటే శుభ్రంగా కడిగానండీ. పచ్చిమేతే వేశాను. దీనికేం లోటు చేశాను?" అన్నాడు రొప్పుతూ.

డాక్టరు అతని వైపు చూసింది. "మీరు చెమటతో తడిసిపోయారు చూడండి. ఒంట్లో వేడి పెరిగితే, మీరు చెప్పకుండానే మీ ఒళ్ళు దాన్ని అలా బయటికి తోసేస్తుంది. గేదెకు మనలా చెమట పట్టదు. పైగా నల్లతోలు ఎండను పీలుస్తుంది. ఒంట్లో వేడి మేర దాటకుండా చూసుకోవడానికి దానికున్న పెద్ద ఆధారం ఆ బురదే. మీకది మురికిగా కనబడింది."

శోభనాద్రి బిందె తీసుకుని మళ్ళీ కాలవలోకి దిగాడు.

పొద్దు వాలేవేళకు కాటుక తల ఎత్తింది. లేచి నిలబడి, ఎవరూ తోలకుండానే గుంట దారి పట్టింది. అతను మెడలోని పలుపు విప్పేశాడు. అది మెల్లగా బురదలోకి దిగి, కళ్ళు మూసుకుంది. గట్టు మీద పోతున్న పొరుగాయన ఆగి, "రేపే కదా ప్రదర్శన, బురదలో దింపావేం?" అని అడిగాడు.

"మేం వెళ్ళట్లేదు బాబాయ్," అన్నాడు శోభనాద్రి.

కాటుక బతికింది. కానీ ఆ వారంలోనే నెలలు నిండకుండా ఈనింది; కడుపులోని దూడ దక్కలేదు. చచ్చి పుట్టిన దూడను కాటుక చాలాసేపు నాకుతూ నిలబడింది.

"అది అడుగుతూనే ఉంది మాణిక్యం. నేనే వినలేదు," అన్నాడు శోభనాద్రి పాక గుంజ పట్టుకుని.

ప్రతి ప్రాణి ఒళ్ళూ తన నిలకడను కాపాడుకునే దారి ఒకటి ఎరిగే ఉంటుంది; మన ముచ్చట కోసం ఆ దారి మూసేస్తే, పోయేది ప్రాణమే.