కాకమ్మ పిలుపు, నెమలిదొర పందిరి

ఊఁ కొట్టండర్రా, చెబుతాను. మీరు మానేస్తే నేనూ ఆపేస్తాను.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చంద్రకుడని ఒక నెమలిదొర. అబ్బో, వాడి టెక్కు చెప్పనలవి కాదు! వాడి దగ్గర కొండంత గింజల రాశి ఉంది. వానలు పడేలోగా దాని మీద గడ్డిపందిరి అల్లించాలనుకున్నాడు. అల్లిక తెలిసినవి గిజిగాళ్లే. వాళ్లకు మేత పెట్టాలంటే మాత్రం దొరగారికి చెయ్యి రాలేదు.

అందుకని కాకమ్మను పిలిపించాడు. కాకుల ఆచారం మీకు తెలుసుగా? ఒక్క మెతుకు దొరికినా ఒంటరిగా తినవు, కావుకావుమని అందరినీ పిలుస్తాయి. ఆ అడవిలో కాకి పిలిచిందంటే అక్కడ మేత ఉన్నట్టే. ఎవరూ మారు ప్రశ్న వేయరు.

"కాకమ్మా, నా గింజల రాశి పక్కన కూర్చుని పిలువు. నీకూ నీ పిల్లలకూ రోజూ గింజలిస్తాను," అన్నాడు చంద్రకుడు.

గూట్లో పిల్లలు ఆకలితో నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పిలవడమేగా, నాదేం పోయింది అనుకుంది కాకమ్మ. కావు కావుమంది.

అల్లిక విద్య అప్పుడే ముగించుకున్న గిజిగాళ్ల కుర్రకారు రివ్వున వచ్చి వాలింది. ముందు పందిరి అల్లమన్నాడు దొర. పొద్దుగూకేదాకా అల్లి, "దొరా, మేత?" అని అడిగారు.

"మేతా! నా కొలువులో పని నేర్చుకుంటున్నారు, అది చాలదూ? చంద్రకుడి పందిరి అల్లామని చెప్పుకోండి, రేపు ప్రతి చెట్టూ మిమ్మల్నే రమ్మంటుంది," అన్నాడు దొర.

కొందరు తిట్టుకుంటూ పోయారు. కాకమ్మ మళ్లీ పిలిచింది. కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లకీ అదే మాట, అదే పస్తు.

వాళ్లలో పసిమి అని ఒకడు. బక్కపలచని వాడే గానీ అల్లికలో దిట్ట. ఇంకాస్త ఓర్చుకుంటే దొర మెచ్చుకుంటాడని ఉండిపోయాడు. కింద గింజల రాశి, పైన వీడి ఖాళీ కడుపు. రెక్కలు వేలాడిపోయాయి. అయినా ముక్కున గడ్డిపోచ వదల్లేదు, పిచ్చి సన్నాసి!

ఒక మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది. పందిరి నడినెత్తిన ఇంకా తెరిచే ఉంది. చంద్రకుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ "కానీండి, కానీండి!" అని అరుస్తున్నాడు. ఈదురుగాలి కొట్టింది. పసిమి పట్టు తప్పి కాకమ్మ కాళ్ల దగ్గర దబ్బున పడ్డాడు.

"పోతే పోయాడు. ఇంకొకణ్ణి పిలువు!" అన్నాడు దొర.

కాకమ్మ వంగి చూసింది. పసిమి కళ్లు సగం తెరిచాడు.

"అత్తా, పిలిచింది నువ్వు కదా... మేత ఉంటుందనే వచ్చాను," అన్నాడు.

ఛీ, ఏం బతుకు నాది అనుకుంది కాకమ్మ. సిగ్గుతో తల వాలిపోయింది.

"పిలుస్తావా, లేదా? నువ్వు నోరు మూసుకుంటే నీ పిల్లల నోటికీ గింజ ఉండదు, జాగ్రత్త!" అని గద్దించాడు దొర.

ఎదుటి కొమ్మల మీద ఇంకొందరు కుర్రవాళ్లు రెక్కలు విప్పి పిలుపు కోసం చూస్తున్నారు. అవతల గూట్లోంచి తన పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ఏమైతే అయిందని కాకమ్మ గొంతెత్తింది.

"వినండర్రా! ఇక్కడ మేత ఉంది, మీకు మాత్రం కాదు! ఇన్నాళ్లూ తిన్నది నేనూ నా పిల్లలే! తప్పు చేశాను, రాకండి!"

విప్పిన రెక్కలు ముడుచుకున్నాయి. అల్లేవాళ్లు కూడా పోచలు వదిలేసి దిగిపోయారు. తన పిల్లల కోసం దాచిన గింజల్ని కాకమ్మ పసిమి నోట్లో పెట్టింది. వాడు మెల్లగా మింగాడు.

టప్పున ఒక చినుకు రాశి మీద పడింది. వెనకే ఇంకొకటి. దొర టెక్కంతా దిగిపోయింది.

"అమ్మా కాకమ్మా, పిలువు! మేత పెడతాను, ఒట్టు!"

"ఒట్లు నాకెందుకు దొరా? ముందు పెట్టు. వాళ్లు కడుపునిండా తిన్నాక నేనే పిలుస్తాను," అంది కాకమ్మ.

దొర తన కాళ్లతోనే గింజలు కుప్ప పోశాడు. గిజిగాళ్లు తిన్నారు. అప్పుడు కాకమ్మ పిలిచింది, కొమ్మల మీది కుర్రవాళ్లూ దిగివచ్చి అల్లారు. పందిరి కప్పు మూతపడేసరికి సగం రాశి తడిసిపోయింది, అది వేరే సంగతి.

కాబట్టి పిల్లలూ, ఆశ చూపి పస్తులతో పని చేయించుకోవడం పాపం, ఆ పనికి రమ్మని చాటిన నోటికీ ఆ పాపంలో వాటా ఉంటుంది.