చక్కెర పళ్లెం

పొద్దున లేవగానే దస్తగిరి మొదటి పని కాళ్లు చూసుకోవడం. వేళ్ల సందులు, మడమలు, గోళ్ల చివరలు, అన్నీ వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంటాడు. అన్న ఖాదర్‌కు షుగరొచ్చి, చెప్పు కరిచిన పుండు మానక ముందు వేలు తీశారు, తర్వాత పాదం, చివరికి మోకాలి దాకా తీసేశారు. ఆర్నెల్ల కిందట డాక్టరు తనకూ అదే జబ్బని చెప్పాడు. పాపం, ఆ రోజునుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నాడు.

పెన్న ఒడ్డున చిన్న దర్గా. అందులో ఖలీలుల్లా బాబాకు శిష్యుడతను. గడప పక్కన కూర్చుని తాయెత్తులకు దారం ఎక్కించడం, వచ్చినవాళ్ల చేతిలో ఫాతిహా చదివించిన చక్కెర చిటికెడు పెట్టడం అతని పని. జబ్బు సంగతి తెలిసిన రోజే బాబా ఆ చక్కెర పళ్లెం తీసుకెళ్లి వాకిలి అవతలి అరుగు మీద పెట్టారు. అప్పటినుంచి ఎవరి చక్కెర వాళ్లే తీసుకుంటున్నారు.

ఓ శుక్రవారం పొద్దున్నే బడి పంతులమ్మ సుగుణ సంతకాల కోసం ఒక అర్జీ పట్టుకొచ్చింది. బడి ముందర తీపి నీళ్ల సీసాలూ మిఠాయిలూ అమ్మనివ్వొద్దనీ, ప్రతి పొట్లం మీదా ఎంత చక్కెరుందో పెద్దక్షరాల్లో రాయించాలనీ సర్కారుకు విన్నపం. బాబా ఆ కాగితం దస్తగిరి చేతికిచ్చి, నీకేమనిపిస్తోందని అడిగారు.

దస్తగిరి చదివి పెదవి విరిచాడు. నోరు కట్టుకోలేనివాడికి చట్టమేం చేస్తుందన్నాడు. ఆర్నెల్లుగా తాను చక్కెర ముట్టలేదు, ఏ సర్కారు కాపలా కాసిందని? అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ పళ్లెం కూడా మళ్లీ తన పక్కనే పెట్టమన్నాడు, తనకేం భయం లేదట! తెల్లారగానే కాళ్లు తడుముకునే మనిషి ఆ మాటన్నాడు.

బాబా లేచి పళ్లెం తెచ్చి అతని పక్కన పెట్టారు. పంతులమ్మను సాయంత్రం రమ్మన్నారు.

శుక్రవారం కదా, జనం విరగబడ్డారు. దస్తగిరి చిటికెడు చక్కెర పెట్టడం, దారం కొస నోట్లో తడిపి తాయెత్తుకు ఎక్కించడం, మళ్లీ చిటికెడు, మళ్లీ దారం. తలెత్తడానికి తీరిక లేదు. జారిన పలుకులు చాప మీదా, కాళ్ల దగ్గరా పడుతూనే ఉన్నాయి.

పొద్దు వాలాక బడి వదిలి పంతులమ్మ వచ్చింది. గడప దాటబోయి ఆగిపోయింది.

"దస్తగిరన్నా, నీ కాలు చూసుకో."

చూసుకున్నాడు. ఎడమ బొటనవేలి నిండా ఎర్రచీమలు. గోరు చుట్టూ కరిచి పట్టుకుని ఉన్నాయి. అతనికి ఇసుమంత మంట కూడా తెలియలేదు. చెప్పు కరిచిన సంగతి తనకు తెలియనే లేదని అన్న కూడా అప్పట్లో చెప్పాడు.

బాబా వంగి, తన తువ్వాలుతో చీమల్ని మెల్లగా దులిపారు. ఇంకో కొస తడిపి దస్తగిరి మీసం, గడ్డం తుడిచి అతని ముందు పట్టుకున్నారు. తువ్వాలు మీద చక్కెర పలుకులు మెరుస్తున్నాయి.

"నేను తినలేదు బాబా."

వేళ్లు చూసుకుంటే జిగటగా ఉన్నాయి. దారం తడిపినప్పుడల్లా ఎంత చక్కెర లోపలికి పోయిందో, దారం లేకుండా వేళ్లు ఎన్నిసార్లు నోటికి పోయాయో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. చీమల కంటే ఆ గుర్తు లేకపోవడమే అతన్ని ఎక్కువ హడలగొట్టింది.

"మరి ఆర్నెల్లు ఎట్లా ఆగాను బాబా?"

"నువ్వు ఆగలేదు నాయనా. పళ్లెం దూరంగా ఉండింది."

దస్తగిరి తలెత్తి వాకిలి బయటికి చూశాడు. రోడ్డు మీద పిల్లలు తీపి నీళ్ల సీసాలు ఎత్తి తాగుతూ ఇళ్లకు పోతున్నారు.

తర్వాత లేచి చేతులు కడుక్కున్నాడు. పళ్లెం ఎత్తుకుని, పాదం నేలకు ఆనుతోందో లేదో ఒక్కో అడుగూ చూసుకుంటూ నడిచి, అవతలి అరుగు మీద పెట్టి వచ్చాడు. పంతులమ్మను కలం అడిగాడు.