తొమ్మిది గట్లు

రెడ్డెమ్మ చేసిన లెవెల్‌ను ఇరవై రోజులు దాటినా ఎవరూ గెలవలేకపోయారు. అందుకు సంతోషించాల్సింది పోయి, ఆమెకు అన్నం సయించడం మానేసింది.

ఆట పేరు లాంతరు పాప. ముప్పై ఏళ్ల కిందటిది, టీవీకి తగిలించే క్యాసెట్లలో వచ్చేది. లాంతరు పట్టుకున్న ఒక చిన్నపిల్ల గట్టు మీద నుంచి గట్టు మీదకు గెంతుతూ పోయి చివర ఉన్న గంట కొట్టాలి. అంతే. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆడేవాళ్లు మాత్రం మానలేదు. పాత లెవెల్స్ ఆడీ ఆడీ విసుగెత్తాక సొంతంగా కొత్తవి చేసుకోవడం మొదలుపెట్టారు. ఒకరు చేసి గ్రూపులో పెడతారు. మిగతావాళ్లు ఆడి, ఎలా ఉందో కింద రాస్తారు. బాగాలేదని రాయడానికి మనవాళ్లకు మొహమాటం తక్కువ.

గ్రూపుకు ఒకటే నియమం. లెవెల్ చేసినవాళ్లు దాన్ని తాము ఒక్కసారైనా గెలిచి గంట కొట్టాలి. ఆ గంట మోగితేనే లెవెల్ గ్రూపులోకి ఎక్కుతుంది. ఈ నియమం పెట్టింది ప్రొద్దుటూరు దస్తగిరి ఉస్తాద్.

ఉస్తాద్‌కు అరవై దాటాయి. ఒకప్పుడు ఆరు టీవీలతో వీడియో గేముల షాపు నడిపాడు. ఇప్పుడు అదే గదిలో మిక్సీలు బాగుచేస్తాడు. ఒక టీవీ మాత్రం మూలన ఉంచుకున్నాడు. రెడ్డెమ్మకు లెవెల్స్ చేయడం నేర్పింది ఆయనే. నేర్పడమంటే పాఠాలేమీ చెప్పలేదు. ఆమె చేసుకొచ్చింది ఆడి 'ఊఁ' అనేవాడు. ఆ 'ఊఁ'లలో ఏది మెచ్చుకోలో ఏది కాదో పోల్చుకోవడానికి ఆమెకు మూడేళ్లు పట్టింది.

ఏడాదికోసారి గ్రూపులో జాతర అని పెట్టుకుంటారు. ఆ వారం వచ్చిన కొత్త లెవెల్స్‌ను అందరూ ఆడతారు. ఈసారి జాతరకు రెడ్డెమ్మ 'తొమ్మిది గట్లు' చేసింది. ఒకదాని కంటే ఒకటి సన్నగా, ఒకదాని కంటే ఒకటి దూరంగా తొమ్మిది గట్లు. గీసుకున్నప్పుడు ఆమెకే ముచ్చటేసింది. ఆడబోతే ఎనిమిదో గట్టు దాటలేకపోయింది.

మూడు వారాలు, రోజూ రక్తపరీక్షల ల్యాబ్‌లో పని ముగించుకుని ఇంటికి రాగానే దాని ముందు కూర్చుంది. ఎనిమిది దాకా బాగానే వచ్చేది. అక్కడి నుంచి గెంతితే తొమ్మిదో గట్టు అంచు కాలికి తగిలీ తగలక పాప గుంతలో పడేది.

ఆ గట్టును ఒక్క గడి ఇవతలకు జరిపితే సరిపోయేది. జరపబుద్ధి కాలేదు. అంత అందంగా కుదిరిందాన్ని ఎవరు చెడగొట్టుకుంటారు?

జాతర రేపనగా ఆమె మొదటి గట్టు పక్క గోడలో ఒక రాయిని తలుపుగా మార్చింది. చూడ్డానికి మిగతా రాళ్లలాగే ఉంటుంది. దాని ముందు నిలబడి, లాంతరు ఆర్పి, ఐదు లెక్కపెట్టేంత సేపు కదలకుండా ఉంటే తెరుచుకుంటుంది. పాపను తీసుకెళ్లి నేరుగా గంట దగ్గర దించుతుంది. రెడ్డెమ్మ ఆ దారిన వెళ్లి గంట కొట్టింది. ఎవరు ఎటు నుంచి వచ్చారో గంటకు అక్కర్లేదు. లెవెల్ గ్రూపులోకి ఎక్కింది.

జాతర కాగానే తలుపు తీసేద్దామనుకుంది. కానీ ఎక్కించిన లెవెల్‌ను మార్చాలంటే ముందు దాన్ని దించాలి, మళ్లీ గెలిచి ఎక్కించాలి. ఈ సంగతి ఆమెకు తెలియంది కాదు. ఆ తొందరలో తోచలేదు.

మొదటి రెండు రోజులూ పండగే.

'అక్కా, దండం.'

'ఇది మనిషి చేసిందేనా?'

'నువ్వెట్ల గెలిచినావు తల్లీ? వేళ్లకు ఏం పూసుకున్నావు?'

జాతరలో ఇంకే లెవెల్‌కూ అన్ని మాటలు రాలేదు. రెడ్డెమ్మ ఒక్కోదాన్ని పదేసి సార్లు చదువుకుంది. అబద్ధమెందుకు, ఒళ్లు పొంగిపోయింది.

మూడో రోజుకు పొంగు దిగింది. ఈ ఆటలో ఎవరు ఎక్కడ పడితే అక్కడ ఒక ఆరిపోయిన లాంతరు మిగిలిపోతుంది. తర్వాత ఆడేవాళ్లందరికీ అది కనిపిస్తుంది. తొమ్మిదో గట్టు ముందున్న గుంతలో ఆరిపోయిన లాంతర్లు కుప్పలు పడుతున్నాయి. రెడ్డెమ్మ తెరిచి చూసిన ప్రతిసారీ కుప్ప పెరిగే ఉంటోంది. అయినా చూడకుండా ఉండలేకపోతోంది.

ఐదో రోజు దస్తగిరి ఉస్తాద్ గ్రూపులో ఒక ముక్క రాశాడు.

'నేను ఆడతాండా.'

మొదలుపెట్టిన లెవెల్‌ను ఆయన ఇంతవరకూ సగంలో వదిలింది లేదు. పైగా ఆమె రోజూ ల్యాబ్ అయ్యాక ఆయన షాపులో కాసేపు కూర్చుని ఇంటికి పోతుంది. ఇప్పుడు పోకపోతే అనుమానం వస్తుంది. పోతే కూర్చుని చూడాలి.

పోయింది.

"రామ్మా, కూచో. మంచి దాన్నే చేసినావు" అన్నాడు ఉస్తాద్, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"కష్టంగా ఉంటే వదిలేయండి ఉస్తాద్. ఏముంది దాంట్లో?"

"కష్టముంటే వదిలేస్తామా ఎవురన్నా?"

"అది కాదు. మొదటి గట్టు కాడ..."

ఆయన చెయ్యెత్తాడు. "చెప్పగాకు. ఆడేటోళ్ల పక్కన కూచున్నప్పుడు చేసినోళ్లు నోరు తెరవగూడదు. నేనే గదా నీకు నేర్పింది."

రెడ్డెమ్మ నోరు మూసుకుంది. ఉస్తాద్ నియమం ఆమెకు అంత హాయిగా ఎన్నడూ అనిపించలేదు. ఇంటికి పోతుంటే తన మీద తనకు అంత అసహ్యమూ ఎన్నడూ వేయలేదు.

గ్రూపులో పేరు పోతే పోతుంది, నాలుగు రోజులు అంటారు, మర్చిపోతారు. దానికి ఆమె సిద్ధపడగలదు. తాను చేసిన లెవెల్‌ను ఉస్తాద్ ఇంకెప్పుడూ చేతికి తీసుకోడేమో అన్నదే ఆమె భయం. ఆ భయంతోనే రోజూ వెళ్లి కూర్చుంది. ఆ భయంతోనే రోజూ నోరు మూసుకుని తిరిగొచ్చింది.

ఆయన ఆడటం మొదలుపెట్టిన ఆరో రోజు చాయ్ వచ్చింది. ఉస్తాద్ పాపను తెచ్చి సరిగ్గా ఆ రాయి ముందు నిలబెట్టి గ్లాసు అందుకున్నాడు. లాంతరు మాత్రం ఆర్పలేదు. రెడ్డెమ్మకు తెలియకుండానే లోపల లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. లాంతరు వెలుగుతుంటే తలుపు తెరుచుకోదని ఆమెకు తెలుసు. అయినా వీపంతా చెమట పట్టింది. ఐదు అయింది, పది అయింది, ఆయన చాయ్ తాగుతూనే ఉన్నాడు.

"ఏమ్మా, ఉడకగా ఉండాదా?" అన్నాడు.

"లేదు ఉస్తాద్."

ఆయన గ్లాసు కింద పెట్టి మళ్లీ ఆడాడు. ఎనిమిదో గట్టు నుంచి గెంతాడు. పడ్డాడు.

ఇంటి దగ్గర రెడ్డెమ్మ కూడా ఆడుతూనే ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిజంగా గెలిస్తే చాలు, చెప్పిన అబద్ధం నిజమైపోతుందని ఆమె ఆశ. ఆశకేం, ఎన్నయినా పెట్టుకోవచ్చు. తొమ్మిదో గట్టు ఉన్నచోటే ఉంది.

ల్యాబ్‌లో ఆరేళ్లుగా రక్తం తీస్తోంది, ఆమె చేతికి నరం తప్పిందే లేదు. ఆ వారంలో రెండుసార్లు తప్పింది. "కొత్తగా చేరినావా పాపా?" అని ఒక ముసలాయన మోచెయ్యి రుద్దుకుంటూ జాలిగా అడిగాడు. ఆమె తల వంచుకుని దూది అద్దింది.

ఉస్తాద్ షాపులో మిక్సీలు పేరుకుపోయాయి. పక్క వీధి నుంచి ఒకావిడ వచ్చి, "ఉస్తాద్, నా మిక్సీ?" అని నిలబడింది.

"రేపు తల్లీ."

"నిన్న గూడా రేపే అంటివి. పచ్చడి రోట్లో నూరుకోలేక నా చేతులు, రెట్టలు పడిపోతాండాయి."

ఆవిడ గొణుక్కుంటూ వెళ్లిపోయింది. ఉస్తాద్ బొటనవేలికి తెల్ల టేపు చుట్టుకుని ఉండటం రెడ్డెమ్మ అప్పుడు చూసింది. మర్నాడు చూస్తే చూపుడువేలికి కూడా ఉంది.

"నొప్పిగా ఉందా ఉస్తాద్?"

"వయసు" అన్నాడాయన. మళ్లీ గెంతాడు. మళ్లీ పడ్డాడు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఆమె గ్రూపు తెరిచింది. బళ్లారి నుంచి విరూపాక్షప్ప అనే డ్రిల్లు మాస్టారు రాశాడు. చిన్నప్పటి నుంచి ఈ ఆట ఆడుతున్న మనిషి. ఏ లెవెల్ పెట్టినా మొదట ఆడేది, మొదట మెచ్చుకునేది ఆయనే.

'తొమ్మిది గట్లు పన్నెండు వందల సార్లు ఆడాను. తప్పు లెవెల్‌ది కాదు, చేసినావిడ గెలిచింది కదా. నా చేతుల్లోనే ఏదో తగ్గింది. ఇంక ఆట మానేస్తున్నాను. రెడ్డెమ్మ గారికి నమస్కారం.'

కింద అందరూ ఆయన్ని ఓదారుస్తున్నారు. రెడ్డెమ్మ డబ్బా మూత పెట్టేసింది. తలనొప్పని చెప్పి సెలవు తీసుకుని, తిన్నగా షాపుకు నడిచింది.

ఉస్తాద్ ఆడుతున్నాడు.

"ఉస్తాద్, మీకొక మాట చెప్పాల."

"ఆడేటప్పుడు..."

"ఆపండి ఉస్తాద్. రోంతసేపు ఆపండి."

ఆయన ఆపాడు. ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఉస్తాద్ తాను ఆడుతున్న ఆట రిమోట్‌ను ఆమె చేతుల్లో పెట్టాడు.

"వేలు నొస్తాంది. నువ్వాడు, నేను చూస్తా."

పాప మొదటి గట్టు మీద నిలబడి ఉంది. ముందుకు గెంతొచ్చు. ఎనిమిది దాకా పోయి పడిపోవచ్చు. ఈరోజు చేతులు సరిగా లేవు ఉస్తాద్ అని లేచి ఇంటికి పోవచ్చు. ఇవన్నీ ఆమెకు తోచాయి.

పాపను గోడ వైపు తిప్పింది. రాయి ముందు నిలబెట్టింది. లాంతరు ఆర్పింది.

తెర చీకటైంది. పాపను కదలనివ్వకుండా ఐదు లెక్కపెట్టింది. రాయి తెరుచుకుంది. పాప గంట దగ్గర దిగింది.

రెడ్డెమ్మ గంట కొట్టలేదు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఉస్తాద్ కళ్లద్దాలు పైకి తోసుకుని తెర దగ్గరగా జరిగాడు. ఒక బోడి బండ, దాని మీద గంట. గెలిచి వచ్చినవాళ్ల కోసం లెవెల్ చివర ఒక పూలమొక్కో, ఒక నులకమంచమో, ఒక పిల్లి కూనో పెట్టనివాళ్లు ఆ గ్రూపులో లేరు.

"ఈడ ఏం పెట్టల్యా?" అని అడిగాడు.

"తొందరలో..." అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. "ఎవరూ రారు గదా అని, ఉస్తాద్."

అన్నాక, తానన్న మాట తనకే వినపడింది. ఉస్తాద్ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఆమె ఫోను తీసి గ్రూపులో రాసింది.

'తొమ్మిది గట్లు నేను గెలవలేదు. గోడలో తలుపు పెట్టుకుని గంట కొట్టినాను. విరూపాక్షప్ప గారూ, మీ చేతుల్లో ఏ లోపమూ లేదు. మీరందరూ పడిన చోటే నేనూ పడినాను. లెవెల్ దించేస్తున్నాను.'

రెండుసార్లు చదువుకుని పంపింది. అలా పంపిందో లేదో ఫోను టింగుమంది. మళ్లీ మళ్లీ టింగుమంటూనే ఉంది. ఏం రాస్తున్నారో చూసే ధైర్యం లేక, దాన్ని మిక్సీ జార్ల మధ్య బోర్లా పెట్టింది.

తలుపు తెరుచుకుంటే ఉస్తాద్ ఆశ్చర్యపోలేదని అప్పుడు తోచి అడిగింది.

"తలుపు సంగతి మీకు ముందే తెలుసా ఉస్తాద్?"

"మొదలుపెట్టిన నాలుగో దినమే. చాయ్ తాగుదామని లాంతరు ఆర్పి నిలబెడితి. తెరుచుకునె."

నాలుగో రోజు. అది గడిచి రెండు వారాలైంది. రెడ్డెమ్మ ఆయన వేళ్ల వైపు చూసింది.

"తెలిసి గూడా ఇన్నాళ్లు ఎందుకు ఆడినారు?"

ఉస్తాద్ బొటనవేలి టేపు మెల్లగా ఊడదీసుకుంటున్నాడు.

"తలుపుంటే ఉండనీ" అన్నాడు. "మా రెడ్డెమ్మ చేసింది గదా, గట్ల మీద నుంచి పోయే దావ గూడా ఉంటాదిలే అనుకుంటి."