మద్దిలేటి చేయి

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మీ ముత్తాత ముత్తాతకు పాలపళ్ళు రాని కాలం. నల్లకొండ అప్పటికింకా మోకాలెత్తే. అడవిపందులు మాత్రం ఎద్దులంత. ఒక్క పంది దిగిందంటే చేను మేసి, బావి తాగి, పోతూ పోతూ మంచెకు వీపు రాసుకుని దాన్నీ కూల్చేది.

ఆ కొండ కింద మద్దిలేటి అని ఒకడుండేవాడు. కుంట భూమి లేదు, మేక లేదు, కోడి లేదు. ఉన్నవల్లా కుక్కలు. కుక్కలంటే సంతలో తిరిగే కుక్కలనుకునేరు! కర్రెవ్వ సంతు.

కర్రెవ్వ ఆ సంతుకు మూలపుటమ్మ. పంది చెవి పట్టిందంటే పట్టిందే. పంది కొండెక్కినా విడవలేదు, ఏరు దాటినా విడవలేదు, చచ్చినా విడవలేదు. దాన్ని కోసి, వండి, ఊరంతా తిని చేతులు కడుక్కున్నాక కూడా చెవి కర్రెవ్వ నోట్లోనే ఉంది. దాని కొడుకు గండోడు. వాడు మొరిగితే మూడూళ్ళ చింతచెట్లు కాయలు రాల్చేవి. గండోడి వంశాన చివరివాడు బూడిదోడు. వాడు పరిగెత్తితే నీడ వెనకబడిపోయి, పొద్దుగూకే వేళకు రొప్పుతూ ఇల్లు చేరేది.

అంతటి కుక్కలకు తాతలనాటి నుంచి ఒకటే కట్టు. "చేయి కొరికిన నోటికి సంతు లేదు." పందిని పట్టనీ, పులిని పట్టనీ. మనిషి చేతి మీద పన్ను పెట్టిన కుక్క మర్నాటికి ఉండకూడదు. ఉంటే ఆ గుణం కూనలకు దిగుతుంది. కూనలు ఏ ఊరికి పోయినా, ఆ పని చేసే బాధ్యత మద్దిలేటిదే.

పాళెగాడి కుక్క వంటవాణ్ణి కొరికింది. మద్దిలేటి పలుపుతాడు పట్టుకుని కోటకు పోయాడు.

"వెండి గొలుసు కట్టిన కుక్కరా ఇది!" అని ఉరిమాడు పాళెగాడు. ఆ ఉరుముకు కోటగోడ బీటలిచ్చింది.

"చేయి కొరికిన నోటికి సంతు లేదు దొరా."

పాళెగాడు మీసం దించుకుని కుక్కనిచ్చాడు.

బావమరిది కుక్క ఒకడి చేయి కొరికింది. బావమరిది కాళ్ళ మీద పడ్డాడు. "చేయి కొరికిన నోటికి సంతు లేదు బావా."

మూడోది సుంకమ్మ కుక్క. సుంకమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. నాలుగు మేకలు, వాటిని కాసే ఆ కుక్క. అది గాజులమ్మేవాడి చేయి పట్టింది.

"వాడు దాని కూనను తొక్కినాడు మద్దిలేటీ! నేనైనా కొరుకుదును!"

"నువ్వు కొరకొచ్చులే అక్కా. నీ కూనలు ఇంటింటికీ పోవు గదా."

"మరి నా మేకలనెవరు కాస్తారు? నీ యబ్బ కాస్తాడా?"

"చేయి కొరికిన నోటికి సంతు లేదు" అన్నాడు మద్దిలేటి. కుక్కను వంకలోకి తోలుకుపోయాడు. సుంకమ్మ దోసెడు దుమ్మెత్తి వాడి అడుగుల మీద పోసింది.

ఆ మీదట కుక్కలకు తెగులొచ్చింది. మామూలు తెగులా అది! గద్దలు తిని తిని ఎగరలేక నడిచి పోయాయి. కర్రెవ్వ సంతులో మిగిలినవి రెండే. మద్దిలేటి దగ్గర బూడిదోడు, పాళెగాడి కోటలో ఒక ఆడకుక్క. పున్నమికి రెండింటినీ జత కట్టించాలని మాట. కట్టించకపోతే సంతు అంతటితో సరి.

పున్నమికి ముందొకనాడు, పట్టపగలు, బూడిదోడు వంకలో పందిని పట్టాడు. పంది చచ్చింది. వాడు విడవలేదు.

"చాలు నాయనా, విడువు" అని మద్దిలేటి పళ్ళ మధ్య పుల్ల దోపాడు.

బూడిదోడు పందిని విడిచాడు. తలెత్తి యజమాని ముఖం చూశాడు. తీరిగ్గా చూశాడు. చూసి, చేయి పట్టాడు. ఎముక కటుక్కుమంది. పొరపాటంటారా? ఎండ నెత్తిన కొడుతుంటే పొరపాటేముంది. గుర్తుపట్టే కొరికాడు.

మద్దిలేటి పలుపు తీశాడు. కుక్క మెడకు వేశాడు. "చేయి కొరికిన..." అన్నాడు. తాత సాకిన సంతు, తండ్రి సాకిన సంతు, ఆ మెడ దగ్గర కొట్టుకుంటున్న నరంలో ఉంది. చుట్టూ చూశాడు. కాకి కూడా లేదు. తలపాగా విప్పి చేతికి చుట్టుకున్నాడు. పలుపు విప్పేశాడు.

"చేతికేమైందిరా?" అన్నాడు పాళెగాడు, పున్నమినాడు బూడిదోణ్ణి జతకు తోలుకుపోతే.

"తుమ్మముల్లు దొరా."

"ముల్లుకు తలపాగా అంతా చుట్టినావా? అది ముల్లా, గునపమా?" కోటంతా పకపకా నవ్వింది. మద్దిలేటి కూడా నవ్వాడు.

సుంకమ్మ అడిగింది. తుమ్మముల్లన్నాడు. పడుకుంటే సొంత మనసు అడిగింది. దానికీ తుమ్మముల్లే అన్నాడు.

కూనలు పుట్టాయి. కళ్ళు తెరవక ముందే ఎలుకల్ని తరిమాయి! ఊరూరి నుంచి జనం వచ్చి ఎత్తుకుపోయారు. అన్నిటికన్నా మేలైన కూనను మద్దిలేటి తానే ఎత్తుకుని సుంకమ్మ గుడిసెకు పోయాడు.

"ఏమప్పా, పొద్దు పడమట పొడిచిందా?"

"మేకల కాడ ఉంటుందిలే అక్కా."

సుంకమ్మ కూనను ఒళ్ళో వేసుకుంది. తాను సగం తాగి, దానికి సగం గంజి పోసింది. అది దుక్కలా పెరిగింది.

ఏడు తిరిగింది. ఒక పొద్దున సుంకమ్మ వచ్చింది. ఒక చేతికి కొంగు చుట్టుకుంది. రెండో చేత్తో కుక్కను పలుపుకు కట్టి తెచ్చింది.

"గంజి పోస్తాంటే పట్టింది. నీ కట్టు నాకు తెలుసు గదా, నేనే తోలుకొచ్చినా. మంచి పిల్ల మద్దిలేటీ. ఈ గుణం యాడి నుంచి దిగింది దీనికి?"

మద్దిలేటి చేయి వెనక్కి దాచుకున్నాడు. సుంకమ్మ వాడి చేయి అందుకుని తిరగేసింది. నాలుగు గుంటలు. కొంగు విప్పి తన చేయి పక్కన పెట్టింది. నాలుగు గుంటలు.

"ముల్లన్నావు."

"ముల్లన్నాను అక్కా."

"ఆనాడు నా కుక్కకు ఆ ముల్లు దొరకలేదు గదరా!"

అంతే. తిట్టలేదు, దుమ్ము పోయలేదు. ఇంటికి పోయి పడుకుంది. చేయి వాచింది, ఒళ్ళు కాలింది. ఆ వేడికి గుడిసె కప్పు పొగలు కక్కిందంటారు. మళ్ళీ లేవలేదు.

మద్దిలేటి పలుపు భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడు. ప్రతి గడపలో చేయి చూపాడు. "ఇది ముల్లు కాదు. నేను అబద్ధమాడినాను. కుక్కనియ్యండి." ఒకరు ఉమ్మేశారు. ఒకరు కొట్టారు. ఒకరు కుక్కనిచ్చి తలుపేసుకుని ఏడ్చారు. పాళెగాడు ఆ కూనలను కన్న ఆడకుక్కను తానే తెచ్చి అప్పగించాడు. ఈసారి ఉరమలేదు. అన్నిటి వెనక బూడిదోడు. మద్దిలేటి వంకలో కూర్చుని ఏడ్చిన ఏడుపుకు ఆ నీళ్ళు ఉప్పుబట్టాయి. ఇప్పటికీ మేకలు ఆ వంకలో నీళ్ళు ముట్టవు.

ఇక పందులకు అడ్డేముంది? గింజ మిగల్లేదు. మద్దిలేటి పోయిన నాడు మోయడానికి నలుగురు కాదు గదా, ఒక్కడూ రాలేదు. బావమరిది బండి మీద ఈడ్చుకుపోయి పూడ్చాడు.

కర్రెవ్వ పట్టు ఈనాడు ఎవడికీ తెలియదు. గండోడి గొంతు తెలియదు. కొరికే గుణం కూనలకు దిగకుండా ఏళ్ళ తరబడి ఆ సంతును కాచినవాడు మద్దిలేటి అని ఒక్కడూ అనడు. కానీ ఆ సీమలో కుక్కపిల్లను అడగడానికి పోయినవాడు ముందు పిల్లను చూడడు. "ఏదీ, మద్దిలేటి చేయి చూపు" అంటాడు. ఇచ్చేవాడు రెండు చేతులూ చాచాలి. చిన్న మచ్చ కనబడితే చాలు, అడిగినవాడు లేచిపోతాడు. కొడవలి గీసుకుందయ్యా, నా బిడ్డ మీద ఒట్టు అని వెంటబడి మొత్తుకున్నా వెనక్కి చూడడు. గీసుకున్నది నిజంగా కొడవలే అయినా సరే.