కత్తిని వదలని ఒర

ఒకప్పుడు ఏటి ఒడ్డున కోనగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్నేలే రణభీమ మహారాజుకు పేరులో ఉన్న రణం జీవితంలో ఎన్నడూ ఎదురుపడలేదు. అందుకేనేమో, ఆయనకు ఆయుధాలంటే మహా ముచ్చట. యుద్ధాలు చేసే రాజులు కత్తులకు పదును పెట్టిస్తారు, చేయనివాళ్ళు నగలు పెట్టిస్తారు. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

రాజుగారి కొత్త బాకుకు ఒర కుట్టడానికి ఏటి అవతలి పల్లె నుంచి ఓబన్న వచ్చాడు. తంగేడు బెరడు నీళ్ళలో ఊరిన తోలును తడిపి, బాకు చుట్టూ బిగించి, ఆరనిచ్చి, అంచు కుట్టాడు. కొలువులో అందరినీ నవ్వించడమే ఉద్యోగమైన కూచిభట్టు పక్కన కూర్చుని చూస్తూ నవ్వాడు.

"ఏరా ఓబన్నా, దారాన్ని కాలి బొటనవేలికి కట్టుకున్నావేం?"

"ఇంటికాడైతే రెండో కొస మా ఆవిడ సుంకమ్మ పట్టుకుంటుంది సామీ. నేనిటు లాగితే తనటు లాగుతుంది. మధ్యలో వాడకట్టు కబుర్లన్నీ చెబుతుంది. ఈ వేలు లాగుతుంది గాని, కబుర్లు చెప్పదు."

ఒర చూసి రాజు మురిసిపోయాడు. ఓబన్న చేతులు జోడించాడు. "ఇక సెలవిప్పించండి ప్రభూ."

"సెలవా? నా కోటలో చేరిన మంచి వస్తువేదీ గడప దాటదు. ఇక్కడే ఉండి ఒరలు కుట్టు!"

ఆనాటి నుంచి సాయంత్రమైతే ఓబన్న కోటగోడ మీదే ఉండేవాడు.

"ఏం చూస్తున్నావురా?" అన్నాడు భట్టు.

"మా ఇంటి పొగ సామీ. అదిగో!"

"అన్ని పొగలూ ఒక్కలాగే ఉన్నాయి కదరా!"

"మాది వంకరగా లేస్తుంది. పొయ్యిరాయి ఒరిగిపోయింది, తిరిగొచ్చి సరిచేస్తానని చెప్పి వచ్చాను."

భట్టుకు నవ్వు రాలేదు. ఆయనకు అన్నం రాజుగారి వంటశాల నుంచి వచ్చేది. లోకంలో ఆయనదంటూ ఒక పొగ లేదు.

మర్నాడు సభలో భట్టు లేచాడు. "ప్రభూ, చేరినది గడప దాటదన్న మీ నియమం ఆ బాకుకు మాత్రం ఎందుకు లేదు? ఆయుధపూజ దాకా దాన్ని ఒర దాటనివ్వకండి. ఆ రోజు మీరు ఒక్కసారిగా దూస్తే సభ కళ్ళు జిగేల్‌మనాలి!"

"భేష్!" అన్నాడు రాజు.

"వానాకాలం ప్రభూ, తోలు చెమ్మ పీలుస్తుంది. తీసి తుడవకపోతే..." అనబోయాడు ఓబన్న. భట్టు అతని కాలు తొక్కాడు.

బయటికొచ్చాక ఓబన్న లబోదిబోమన్నాడు. "నా తల పోతుంది సామీ!"

"నీ తల నాకొదులు. ఇంటి దారి గుర్తుందా లేదా, అది చూసుకో."

వానలు కురిశాయి. ఏరు పొంగింది. ఆ రోజుల్లో అవతలి పొగలే కనబడలేదు.

ఆయుధపూజ వచ్చింది. గుమ్మడికాయ ముందు నిలబడి రాజు ఠీవిగా బాకు లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. కిరీటం పక్కకు ఒరిగింది గాని బాకు కదల్లేదు. లోపల తుప్పు, తోలు ఒకటైపోయాయి.

"ఈ ఒర కుట్టినవాడి తల తీయండి!"

"ఒర తప్పేముంది ప్రభూ?" అన్నాడు భట్టు. "మీ కొలువులో ఉండి మీ దగ్గరే నేర్చుకుంది. చేరినదాన్ని పోనివ్వడం లేదు."

రాజు ఒరను చూశాడు, గోడవారగా ఒదిగి నిలబడ్డ ఓబన్నను చూశాడు. ఉన్నట్టుండి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"గట్టి దెబ్బే కొట్టావయ్యా భట్టూ! మరి ఇది బయటికొచ్చే దారి?"

"కుట్లు విప్పి మళ్ళీ కుట్టాలి ప్రభూ. కానీ ఆ కుట్టు ఇక్కడ బిగియదు. రెండో కొస పట్టుకునే మనిషి ఏటి అవతల ఉంది."

రాజు తన భుజం మీది పట్టుశాలువా తీసి భట్టుకు కప్పాడు. బాకును ఓబన్న చేతిలో పెట్టాడు. "బాగుచేసి పంపు. నువ్వు రానక్కర్లేదు, బాకు వస్తే చాలు."

ఓబన్న పడవెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎలా చూస్తాడు పాపం, కళ్ళు అవతలి ఒడ్డు మీదే ఉంటే!

మరునాటి సాయంత్రం భట్టు ఆ శాలువా కప్పుకుని కోటగోడ ఎక్కాడు. వంకర పొగ కోసం చాలాసేపు వెతికాడు. అవతలి ఒడ్డున పొగలన్నీ నిటారుగానే లేస్తున్నాయి.