బర్రె మీద పాలెగాడు

జంగం శరభయ్య గారు తెనాలిలో రాగం తీస్తే రేపల్లె పాసింజరు అది కూత అనుకుని బయల్దేరిపోయింది. గార్డు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు. అనుమానం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి, మధ్యలో ఎత్తితే నేనూరుకోను. ఆ రాగానికి పక్కన నిలబడి గుమ్మెట వాయించింది నేనే. నా దెబ్బకి కాలవగట్టు కొబ్బరిచెట్లు కాయలు వాటంతటవే దింపుకునేవి.

ఎవరూ చెయ్యెత్తలేదు కదా. ఇక వినండి. ఇది యోహానుకి వచ్చిన కష్టం గురించి.

బుర్రకథ చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. కథ చెప్పేది ముగ్గురు. నడుమ కథకుడు తంబురా భుజాన వేసుకుని పాడతాడు. ఒక పక్క నాలాంటివాడు లోకం సంగతులు కలుపుతాడు. రెండో పక్క హాస్యం. కథకుణ్ణి ఆపడం, నిలదీయడం, ఎగతాళి చెయ్యడం, నలుగురిలో నాలుగు తిట్టడం హాస్యం చెప్పేవాడి ఉద్యోగం. రాజు యుద్ధానికి పోతున్నాడని కథకుడంటే, అన్నం తిని పోతున్నాడా తినకుండానా అని వాడు అడగాలి. అడగకపోతే ఆ రాజు ఒట్టి పటంలో రాజు.

శరభయ్య గారికి హాస్యం చెప్పినవాడు కోటిలింగం. ఒక ఈడువాళ్ళు. వేదిక మీద తిట్టుకునేవాళ్ళు, దిగాక అవే తిట్లు బస్సులో కొనసాగించేవాళ్ళు. కోటిలింగం పోయిన రోజు శరభయ్య గారు పాడె ముందు నడుస్తూ కథ చెప్పారు. చరణం చెప్పి కాస్త ఆగేవారు. మళ్ళీ చరణం, మళ్ళీ ఆగడం. ఎందుకు ఆగుతున్నారని ఎవరూ అడగలేదు.

ఆ చోటులోకి వచ్చినవాడు యోహాను.

గొంతు చూస్తే తేనె. తాళం చూస్తే గడియారం వాణ్ణి అడిగి తిరగాలి. కానీ గురువంటే వాడికి దేవుడు. గోడకి వేలాడే తంబురా ముందు కూడా గట్టిగా దగ్గేవాడు కాదు. వేదికెక్కాక గురువుగారు ఏ చరణం అన్నా "ఆహా" అనేవాడు, "అవునండి" అనేవాడు. ఒకసారి కథలో రాజు శత్రువు తల నరికితే "చిత్తమండి" అన్నాడు.

జనం నవ్వేవాళ్ళు కాదు. మొదట వెనక వరస లేచేది. తర్వాత నడిమి వరస. మిగిలినవాళ్ళు గురువుగారికి దణ్ణం పెట్టుకోడానికి కూర్చునేవాళ్ళు.

"పెద్దాయనలో పస తగ్గింది," అనేవాళ్ళు పోతూ పోతూ.

ఆ మాట యోహాను చెవిన పడేది. రాత్రుళ్ళు వాడికి నిద్ర ఉండేది కాదు.

శరభయ్య గారి వయసు అప్పటికి ఎంతో నేను చెప్పను, చెబితే మీరు చెయ్యెత్తుతారు. తొంభై దాటి చాలాకాలమే అయింది. ఆయన టీ కొట్టు దగ్గరికి వస్తే బెంచీ మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడేవాళ్ళు. పేకాటవాళ్ళు ముక్కలు లుంగీ కింద దాచేవాళ్ళు. అప్పటిదాకా ఎలక్షన్ గురించి కొట్టుకుంటున్నవాళ్ళు గప్‌చిప్. టీ కొట్టువాడు గ్లాసు రెండుసార్లు కడిగి తెచ్చి, రెండు చేతులా ఇచ్చేవాడు.

"ఏందిరా, ఎవరు గెలుస్తారంటున్నారు?" అని గురువుగారు అడిగేవారు.

"మీరెట్టా చెబితే అట్టాగేనండి," అనేవాళ్ళు.

ఆయన టీ తాగి, ఖాళీ బెంచీ మీద కాసేపు కూర్చుని, వచ్చేసేవారు. ఆయన మలుపు తిరిగాక కొట్లాట మళ్ళీ మొదలయ్యేది. ఆ చప్పుడు విని మలుపులో ఒక్క క్షణం నిలబడేవారు. నా కళ్ళతో చూశాను.

ఆ ఎండాకాలం దుగ్గిరాల పసుపు వర్తకులు ఉత్సవం పెట్టుకున్నారు. వాళ్ళ పెద్ద రంగనాయకులు స్వయంగా వచ్చాడు. మంచివాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, నేల మీద కూర్చున్నాడు.

"గురువుగారూ, మీరు కథ చెప్పక్కర్లేదు. వచ్చి కుర్చీలో కూర్చోండి. శాలువా కప్పుతాం."

"కథ చెప్పకుండా శాలువా ఎందుకయ్యా? నాకు చలిగా లేదే."

"అయ్యో, మీకు శ్రమని."

"నిలబడటం నాకు శ్రమ కాదు. కూర్చోవడమే శ్రమ."

రంగనాయకులు తల గోక్కున్నాడు. "పోనీ, ఓపిక ఉన్నంతసేపు చెప్పండి. అలసట వచ్చిందని నాకనిపిస్తే శాలువాతో పైకొస్తాను. అక్కడితో మర్యాదగా ముగిద్దాం."

గురువుగారు సరే అన్నారు.

ఆ శాలువా సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఒక ఊరు కప్పిందంటే పక్క ఊరూ కప్పుతుంది. ఆ తర్వాత కథకి ఎవరూ పిలవరు. సభలకి పిలుస్తారు, ముందు కుర్చీలో కూర్చోబెడతారు, ఫోటో తీసుకుంటారు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. పసుపు యార్డులో, రేకుల షెడ్డు కింద, బస్తాల మధ్య వేదిక. ఎక్కబోయే ముందు యోహాను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, నేను పాట తప్పుతున్నానా?"

"లేదు."

"తాళమా?"

"లేదు."

"మరి జనం ఎందుకు లేచిపోతున్నారండి? నా వల్ల మీకు మాట వస్తుంటే నేను మానేస్తాను. ఇంకెవరినన్నా చూసుకోండి."

గురువుగారు వాణ్ణి కిందనుంచి పైదాకా చూశారు. "ముందు మంచినీళ్ళు తాగిరా," అన్నారు.

అంతే. వేదికెక్కాం.

జనం ఎంతమందంటారా? దుగ్గిరాలలో ఆ పూట దొంగతనం చేద్దామన్నా దొంగ దొరకడు, వాడూ వచ్చాడు. కథ ఒక పాలెగాడిది. కోట నిలవదని తెలిసీ తెల్లగుర్రమెక్కి ఒక్కడే బయటికి వెళ్ళే ఘట్టం. గురువుగారు తంబురా మీటారు. నేను గుమ్మెట మీద చెయ్యేశాను. బస్తాల్లో పసుపు కొమ్ములు గలగలలాడాయి.

గురువుగారు రాగం ఎత్తి, హాయిగా, గంభీరంగా పాడారు: పాలెగాడు కర్రి బర్రెను ఎక్కినాడని.

నా చెయ్యి గుమ్మెట మీదే అతుక్కుపోయింది. తెల్లగుర్రం కదా. ఎన్ని వందల సార్లు ఎక్కించాం వాణ్ణి ఆ గుర్రం.

యోహాను ముఖం పాలిపోయింది. అయినా, "ఆహా, తందాన తాన," అన్నాడు, గురువుగారి తప్పు మీద దుప్పటి కప్పుతున్నట్టు.

గురువుగారు ఇంకో చరణం అందుకున్నారు. పాలెగాడు అప్పడాల కర్ర దూసినాడట.

"తందాన తాన," అన్నాడు యోహాను.

జనంలో గుసగుసలు. నేను నోరు తెరవబోయాను. అప్పుడు గురువుగారి కాలు నా కాలి మీద పడింది. పొరపాటున పడిన కాలు కాదు, తొక్కిన కాలు. ఆ వయసు మనిషి తొక్కితే ఏమవుతుందంటారేమో, నా బొటనవేలు గోరు ఇప్పటికీ వంకరే. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత గురువుగారు పాట ఆపేశారు. తంబురా కూడా ఆపేశారు. ఊరికే నిలబడ్డారు.

నేను ఎన్నో నిశ్శబ్దాలు విన్నాను. పంట పోయిన ఊళ్ళో విన్నాను, చావింట్లో విన్నాను. అలాంటిది మాత్రం మళ్ళీ వినలేదు. పైన ఫ్యాన్లు కూడా మర్యాద కోసం తిరగడం మానుకున్నాయి.

ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, "పాపం, మతి పోయినట్టుంది పెద్దాయనకి," అంది. మెల్లగానే అంది, అందరికీ వినబడింది.

రంగనాయకులు లేచాడు. శాలువా మడత విప్పుతూ వేదిక మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. జనం చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకున్నారు. సాగనంపే చప్పట్లు వేరే ఉంటాయి, చేతులు చూస్తేనే తెలుస్తుంది.

గురువుగారు అటు చూడలేదు. యోహాను వైపు తిరిగి నిలబడ్డారు. ఎదురు చూస్తున్నారు.

యోహాను ఒకసారి శాలువాని చూశాడు. ఒకసారి గురువుగారి ముఖం చూశాడు.

"ఒరే ముసలోడా," అన్నాడు.

మైకులో అన్నాడు. షెడ్డంతా కొయ్యబారింది. రంగనాయకులు మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఏందిరా," అన్నారు గురువుగారు, అర తాళం కూడా జారనివ్వకుండా.

"పాలెగాణ్ణి బర్రె ఎక్కించావు. అప్పడాల కర్ర చేతికిచ్చావు. వాడు యుద్ధానికి పోతున్నాడా, వంటకి పోతున్నాడా?"

"గుర్రం ఏదిరా మరి? నువ్వు మేతెయ్యలేదుగా."

"నేనెందుకు వెయ్యాలి? కథ నీది, గుర్రం నీది, గడ్డి నాదా?" యోహాను ఇక ఆగలేదు. "ఇంతకీ అది పాలిచ్చే బర్రేనా?"

"ఇస్తుంది. అందుకే శత్రువులు కత్తులు పారేసి చెంబులు పట్టుకొచ్చారు."

ఆ నవ్వుకి షెడ్డు రేకులు జానెడు పైకి లేచి, మళ్ళీ తమ చోట్లో కూర్చున్నాయి. ముందు వరసావిడ పక్కావిడ ఒళ్ళో పడి నవ్వింది. నవ్వు ఇంకా ఆరనేలేదు, గురువుగారు తెల్లగుర్రాన్ని తెచ్చి నిలబెట్టారు. పాలెగాడు దాని మెడ నిమిరాడు. కోట తలుపు వైపు ఒక్కసారి వెనక్కి చూశాడు. ఇప్పుడే నవ్విన నోళ్ళన్నీ మూతపడ్డాయి. యోహాను మధ్యలో, "వెనక్కి చూడకురా, పోలేవు," అన్నాడు. ఆ మాట కథలో లేదు. గురువుగారు దాన్ని అందుకుని చరణం కట్టేశారు.

కథ పొద్దుగూకే దాకా నడిచింది. రంగనాయకులు మెట్టు మీదే కూర్చుండిపోయాడు. శాలువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత దాన్ని ఎవరికీ కప్పే వీల్లేకపోయింది. వెళ్ళేముందు, "వచ్చే ఏడు కూడా కథ మీదేనండి," అన్నాడు.

వేదిక దిగగానే యోహాను గురువుగారి కాళ్ళ మీద పడ్డాడు.

"పాపం చేశానండి. అంతమందిలో మిమ్మల్ని అంత మాట అన్నాను. నా నాలుక తెగిపోను."

గురువుగారు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. "పద. బస్సు పోతుంది."

ముగ్గురం యార్డు గేటు వైపు నడిచాం. గురువుగారు ముందు. యోహాను రెండడుగులు వెనక, తల వంచుకుని. నేను ఇంకా వెనక, కుంటుకుంటూ. జనం పక్కకి తప్పుకుని దణ్ణాలు పెడుతున్నారు. దారి పొడుగునా, ఆయన దగ్గరికి రాగానే మాటలు ఆగిపోతున్నాయి.

గేటు దగ్గర జనం పలచబడ్డారు. గురువుగారు ఆగారు.

"యోహానూ."

"చిత్తమండి."

"ఇందాక పిలిచావే."

"క్షమించండి గురువుగారూ. ఇంకెప్పుడూ అనను."

"బస్సు దాకా అట్టాగే పిలువు," అన్నారు.

అని, జవాబు కోసం చూడకుండా నడక సాగించారు. చీకటి పడబోతోంది. కాళ్ళ గజ్జెలు విప్పలేదేమో, ఒక్కో అడుగుకీ సన్నగా మోగుతున్నాయి. యోహాను ఉన్నచోటే నిలబడ్డాడు. ఆ చప్పుడు కొంచెం కొంచెంగా దూరమవుతోంది. వాడు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఒరే, ఆగు," అన్నాడు. "గజ్జెలతో బస్సెక్కుతావా ఏంది?"

గురువుగారు ఆగారు. చాలాసేపు వెనక్కి తిరగలేదు.

నేను పెంచి చెబుతానని మీలో కొందరికి అనుమానం ఉంది. రైలు సంగతి మీ ఇష్టం. ఈ ఒక్కటి మాత్రం అడిగి తెలుసుకోండి. అప్పుడు గేటు పక్కనే వైర్లు చుట్టుకుంటూ, మా ముగ్గుర్నీ చూసి చెయ్యి ఆపేసినవాడు ఒకడున్నాడు. ఇప్పుడు కాస్త చెవుడు వచ్చిందిగానీ అబద్ధం రాలేదు. చేబ్రోలు మైకుసెట్టు మీరావలి.