బొరియ చేప గుమ్మంలోనే ఎందుకు నిలబడుతుంది

ఒకప్పుడు బొరియ చేపకు బొరియ లేదు.

నవ్వకండి, నిజంగానే లేదు. సముద్రంలో అన్ని చేపల్లాగే అదీ పగలూ రాత్రీ ఈదుకుంటూ తిరిగేది. ఆకలేస్తే తినేది, నిద్రొస్తే ఉన్నచోటే ఓ కునుకు తీసేది. వేలెడంత ఒళ్ళు, పసుపుపచ్చని మూతి, ఒంటికి మించిన నోరు. అంత నోరు తనకెందుకో దానికే తెలియదు. చుట్టూ తనలాంటి చేపలే వందలకొద్దీ ఉండేవి. ముందూ చేపలే, వెనకా చేపలే. ఇంక దానికి ఇల్లెందుకు?

అలాంటి రోజుల్లో ఒక పున్నమికి పెద్ద గాలివాన పట్టుకుంది. మూడు రోజులు ఆకాశమూ సముద్రమూ ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. కొండల మీద కురిసిన వానంతా ఏరై వచ్చి సముద్రంలో పడింది. ఒడ్డు పొడవునా నీళ్ళు ఎర్రగా, చిక్కగా, చప్పగా అయిపోయాయి. ఉప్పునీటి చేపలు ఊపిరాడక తలో దిక్కుకూ పారిపోయాయి. పసుపుమూతి చిన్నది ఒక్కతే వెనకబడిపోయింది.

మూడో రోజు పొద్దున ఒక పెద్ద కెరటం నడిసముద్రంలో మిగిలిన కాస్త ఉప్పునీళ్ళూ మోసుకుంటూ ఒడ్డున ఉన్న ఊళ్ళోకి వచ్చింది. చివరి గుడిసె వాకిట్లో వాననీళ్ళు పట్టుకునే మట్టి గోలెం ఒకటుంది. కెరటం దాన్ని నిండా నింపి, ఇంత ఇసుకా, ఆ చిన్న చేపనీ అందులో వదిలింది. ఆ గుడిసె పడవ పోలయ్యది. వాకిట్లో నిలబడి చూస్తున్నది అతని పెళ్ళాం నూకాలు.

"నూకాలూ!" అని పిలిచింది సముద్రం. "ఏరు నీళ్ళు తాగి తాగి ఒంట్లో ఉప్పంతా పోయింది నాకు. ఈ చిన్నది నా దగ్గరుంటే బతకదు. అమావాస్య పోటుకు మళ్ళీ నీ వాకిటిదాకా వస్తాను. అప్పటిదాకా కాపాడి నాకప్పగించు. నీ పోలయ్యను నేనెన్నిసార్లు ప్రాణాలతో ఒడ్డున దింపానో నీకు తెలుసుగా."

నూకాలుకు తెలుసు. పడవ ఆలస్యమైన ప్రతిసారీ ఒడ్డున నిలబడి దణ్ణాలు పెట్టుకున్న మనిషి ఆమె.

"అలాగే తల్లీ. నా కంట్లో వత్తులేసుకుని సూసుకుంతాను" అంది.

కెరటం వెనక్కి వెళ్ళిపోయింది. నూకాలు కొంగు బిగించింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఇసుక ఊళ్ళో కాపురం చెయ్యడం మాటలు కాదు. అన్నంలో ఇసుక, చాప మీద ఇసుక, పిల్లల చెవుల్లో ఇసుక. ఆ ఊరి ఆడవాళ్ళు పొద్దునోసారి, సాయంత్రమోసారి చీపురు పట్టి ఇసుకను గుమ్మం అవతలికి తోసేవాళ్ళు. అది మళ్ళీ వచ్చేది. వాళ్ళు మళ్ళీ తోసేవాళ్ళు. ఒక ఇల్లాలిని మెచ్చుకోవాలంటే "దాని ఇంట్లో అరికాలికి ఇసక అంటదే!" అనేవాళ్ళు. నూకాలు ఆ మాట ఊళ్ళో అందరికన్నా ఎక్కువసార్లు అనిపించుకుంది.

అందుకని ఆమె మొట్టమొదట ఏం చేసిందో తెలుసా? కొబ్బరిచిప్ప పుచ్చుకుని గోలెం అడుగున ఉన్న ఇసుకంతా తోడి పారేసింది. ఒక్క రేణువు లేకుండా తుడిచింది. సముద్రం పంపిన చుట్టానికి చెత్తలో పక్కేస్తామా అనుకుంది పాపం. అడుగు అద్దంలా మెరిసింది.

చేపను చూడాలని ఊరంతా వచ్చింది. పిల్లలు గోలెం చుట్టూ మూగారు. పెద్దవాళ్ళు వేళ్ళతో టకటకా కొట్టి "ఓలమ్మ, ఎంత నోరే దీనికి!" అని నవ్వారు. నూకాలు మురిసిపోయి, ఎండ బాగా పడితే ఇంకా బాగా కనిపిస్తుందని, గోలెం పక్కన ఉన్న తాటాకు తడికను కూడా తీసేసింది.

చేప మాత్రం ఒక చోట నిలవలేదు. ఈ గోడకు కొట్టుకునేది, ఆ గోడకు కొట్టుకునేది. దవడలు గబగబా ఆడేవి. సాయంత్రానికి పసుపు మూతి పాలిపోయి బూడిద రంగుకొచ్చింది. రొయ్యపొట్టు చల్లితే చూడలేదు. మెత్తగా నూరి వేసినా చూడలేదు. మర్నాడు ఎవరో తొంగిచూసేసరికి ఒక్క ఎగురు ఎగిరి వాకిట్లో పడింది. నూకాలు తడిచేతులతో ఎత్తి నీళ్ళలో వేసి, పోలయ్య పాత వల తెచ్చి గోలెం మీద కప్పింది.

మూడో రోజుకి ఒక కొంగ వచ్చి గోలెం పక్కన ఒంటికాలి మీద నిలబడింది.

"ఎందుకొచ్చావు?" అంది నూకాలు.

"ఊరికే" అంది కొంగ. "చచ్చాక చెప్పు. నాకేం తొందరలేదు."

నూకాలు చీపురు విసిరింది. కొంగ రెండడుగులు జరిగి మళ్ళీ నిలబడింది.

అప్పుడు నూకాలుకు ఏడుపొచ్చింది. ఇంత చేస్తున్నా ఇది తన చేతుల్లోనే చచ్చిపోతోందని భయమేసింది. చచ్చిన చేపను చేతిలో పెట్టుకుని సముద్రం ముందు ఎలా నిలబడాలి? ఆ సముద్రం మీదికి మళ్ళీ పోలయ్యను ఎలా పంపాలి? లోపలికి వెళ్ళి అత్త ఎర్రమ్మ పక్కన కూలబడింది. ఎర్రమ్మ వల అల్లుకుంటోంది.

"అత్తా, మూడ్రోజులయింది. ఏటీ తిన్నేదు. ఏటి సెయ్యాలో తెలట్నేదు నాకు."

ఎర్రమ్మ తల ఎత్తలేదు. "నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో ఎన్ని రోజులు తిన్నేదే గుంటా?"

"నాలుగు."

"ఎందుకు? నాను కూడెట్టనేదా?"

"ఎట్టినావు. అందరూ గుమ్మం కాడ నిలబడి నన్నే సూత్తుంటే ముద్ద ఎలాగ దిగుద్ది అత్తా?"

"మరి ఐదో రోజు ఎలాగ తిన్నావు?"

నూకాలుకు గుర్తొచ్చింది. ఆ రోజు అత్త ఇంటికొచ్చిన వాళ్ళనందరినీ అరిచి పంపేసింది. మూలన ఒక చాప వేసి, తడిక అడ్డం పెట్టి, గిన్నె లోపల పెట్టి, తన పని తాను చూసుకుంది. ఏమీ అడగలేదు. నూకాలు ఆ మూలలో గోడకు వీపు ఆనించి కూర్చుని, ఏడ్చి, ఆ తర్వాత గిన్నె ఖాళీ చేసింది.

"నాకో మూల ఇచ్చినావు" అంది నూకాలు.

"అదే. దానికీ ఒక మూలియ్యి."

నూకాలు బయటికొచ్చి తడిక మళ్ళీ అడ్డం పెట్టింది. పిల్లల్ని తరిమింది. కానీ గోలెం చుట్టూ తిరిగి చూస్తే గుండ్రటి గోలేనికి మూల ఎక్కడిది? వంగి, వల సందులోంచి మెల్లగా అడిగింది.

"ఓలే సిన్నదానా, నీకేటి కావాలే?"

మొదటిసారి చేప నోరు విప్పింది. గొంతు పీలగా ఉంది.

"నాకు వెనక భయం. సముద్రంలో నా వెనక నా వాళ్ళుండేవాళ్ళు. ఇక్కడ ఎటు తిరిగినా నా వెనక ఎవరూ లేరు. కింద దూరడానికి చోటూ లేదు. కింద ఇంకో చేప ఉంది, అది నన్నే చూస్తోంది."

నూకాలు చూసింది. తాను మెరిసేలా తుడిచిన అడుగులో చేప నీడ కదులుతోంది. ఆమెకు సిగ్గేసింది. ఏమీ తోచక చీపురందుకుని, అలవాటుగా వాకిలి ఊడవబోయింది.

"ఇంక చాలు, ఆపు!" అంది కింద నుంచి ఒక గరగర గొంతు.

అది ఇసుక. "పొద్దునా కొడతావు, సాయంత్రమూ కొడతావు. ఆ చిన్నదాని కోసం సముద్రం నన్ను కూడా పంపితే కొబ్బరిచిప్పతో తోడి పారేశావు. సముద్రానికి బుద్ధి లేక పంపిందనుకున్నావా?"

నూకాలు చీపురు కింద పెట్టింది. ఎన్నేళ్ళుగానో ఆమె ఇసుకను తిట్టిందే గానీ దానితో మాట్లాడింది లేదు.

"తప్పయిపోనాది" అంది. "నా ఇంట్లోకి రా. నానే పిలుత్తన్నాను."

ఇసుక చాలాసేపు బెట్టు చేసింది. ఆ మాటను మూడుసార్లు చెప్పించుకుంది. చివరికి "వస్తాను. కానీ ఒకటి. నాకు కుదురు లేదు. నాలో కట్టిన గోడ నిలవదు, రాలుతూనే ఉంటుంది. దాన్ని రోజూ కట్టుకోవాలి. అది ఆ చిన్నదే చెయ్యాలి, నువ్వు కాదు" అంది.

నూకాలు జానెడు లోతున ఇసుక పోసింది. అందులో గవ్వముక్కలూ గులకరాళ్ళూ కలిపింది. నీళ్ళు మట్టిరంగయ్యాయి. అవి తేరుకున్నాక చూస్తే, చేప ఒక గులకరాయి వెనక నక్కి ఉంది. ఈదడం మానేసింది.

నూకాలు ఉండబట్టలేక వేలితో చక్కని గుంట ఒకటి చేసి "ఇదిగోనే నీ ఇల్లు" అంది. గుంట కూలిపోయింది. ఇంకోటి చేసింది. చేప ఇటువైపు కూడా చూడలేదు.

"సెయ్యి తియ్యి" అంది వెనక నుంచి ఎర్రమ్మ. "నాను నీ మూలలోకొచ్చి కూకున్నానా?"

నూకాలు చెయ్యి తీసింది. గోలేనికి వీపు పెట్టి కూర్చుంది, తాను చూస్తున్నానని చేపకు అనిపించకూడదని. రొయ్యలు ఒలుస్తూ చెవులు మాత్రం అటే పెట్టింది. చాలాసేపు ఏమీ లేదు. కొంగ కూడా విసుగొచ్చి కాలు మార్చుకుంది.

తర్వాత చిన్న చప్పుడు. రేణువులు గోలెం గోడకు తగిలిన చప్పుడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి.

చేతుల్లేని చేప తనకున్న దానితోనే మొదలుపెట్టింది. నోటినిండా ఇసుక తీసుకుని అవతల ఉమ్మేది. గుంట పడేది, గోడ రాలేది. మళ్ళీ నోరు నింపేది. ఒంటికి మించిన ఆ నోరు ఎందుకో దానికి అప్పుడు తెలిసింది. గవ్వముక్క తెచ్చి గోడకు ఆనించింది. గులకరాయి తెచ్చి అంచున పెట్టింది. నూకాలు వెనక్కి తిరిగి చూడకుండా పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంది. అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

ఐదో రోజు పొద్దున ఇసుకలో గుండ్రటి గుమ్మం, ఆ గుమ్మంలో పసుపుపచ్చని మూతి. నూకాలు దూరం నుంచే చిటికెడు రొయ్యపొట్టు చల్లింది. మూతి బయటికొచ్చింది, అందుకుంది, తోక ముందుగా లోపలికి జారిపోయింది.

"అత్తా! తినీసిందే! తినీసింది!" అని నూకాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గుసగుసగా అరిచింది. కొంగ రెక్కలు దులుపుకుని వేరే ఊరు చూసుకుంది.

ఆ తర్వాత రోజులు మెల్లగా నడిచాయి. ఎండకు నీళ్ళు తగ్గితే ఉప్పు ఎక్కువవుతుందని, నూకాలు గోలెం లోపల నీళ్ళ మట్టం దగ్గర బొగ్గుతో గీత గీసి, తగ్గినంత మేరకే మంచినీళ్ళు పోసేది. చేప రోజూ గోడ సర్దుకునేది. పని అయ్యాక గుమ్మంలో నిలబడేది. ఇద్దరూ కబుర్లాడుకునేవారు. చేప తోక బొరియలో, నూకాలు వీపు గుడిసె గోడకు.

అమావాస్య వచ్చింది. కెరటం వాకిటిదాకా వచ్చి ఆగింది. దాని ఉప్పు దానికి తిరిగొచ్చింది.

"ఏదీ నా చిన్నది?" అంది సముద్రం.

చేప బొరియలోకి దూరిపోయింది. "నేను రాను. అక్కడ నా వాళ్ళెక్కడున్నారో తెలియదు. నా వెనక ఏముంటుంది? ఇక్కడ నాకు ఇల్లుంది."

సముద్రానికిచ్చిన మాట తలుచుకుని నూకాలుకు భయమేసింది. నిజం చెప్పాలంటే సంతోషం కూడా కలిగింది. ఉంటానంటోంది కదా, ఉండనీ! సముద్రానికి చేపలు కరువా? కానీ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గోలెం ఎంత పెద్దదైనా గోలెమే. పన్నెండు రోజులకే నీళ్ళు పాతబడ్డాయి.

"అక్కడ గోడ ఎవరు కడతారు నాకు?" అంది చేప లోపలి నుంచి.

"ఇక్కడెవరు కట్టినారే?" అంది నూకాలు.

చేప గుమ్మంలోంచి మూతి కొంచెం బయటపెట్టింది.

"నాను కట్టినవి రెండూ కూలిపోనాయి. నిలబడింది నువ్వు కట్టిందే. సముద్రం అడుగునంతా ఇసకేనే, అమ్మా."

"అదీ నేనే" అంది ఇసుక.

చాలాసేపటికి చేప బయటికి వచ్చింది. తన గుమ్మాన్ని ఒకసారి చూసుకుంది. దాన్ని అలా వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. అంచున ఉన్న గవ్వముక్కలనూ ఇసుకనూ నోటినిండా తీసుకుంది. నూకాలు రెండు చేతులతో ఎత్తి కెరటంలో వదిలింది.

వదిలాక చేప వెనక్కి తిరిగింది. "వెళ్ళొస్తాను" అని చెప్పాలి. ఇంకా చాలా చెప్పాలి. కానీ నోరు తెరిస్తే ఇల్లు జారిపోతుంది. నోరు తెరవకుండానే నూకాలును చూసింది. నూకాలు ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంది. కెరటం వెనక్కి మళ్ళింది. చేప లోతుకు వెళ్ళి, నోట్లోది దించి, బొరియ తవ్వుకుని పైకి చూస్తే, పైనంతా నీళ్ళే.

అప్పటినుంచే బొరియ చేప నోటితో ఇసుక తవ్వి, గవ్వలతో గోడ కట్టుకుని, రోజూ దాన్ని సర్దుకుంటూ బతుకుతుంది. ఎవరైనా ఇంట్లో అద్దాల తొట్టెలో ఉప్పునీళ్ళు పోసి పెంచినా అంతే. ముందు దానికి ఇసుక కావాలి, గవ్వముక్కలు కావాలి, పైన మూత కావాలి, చూడకుండా కూర్చునే మనిషి కావాలి. ఇల్లు కుదిరాక మాత్రం తోక లోపలే ఉంచి గుమ్మంలో నిలబడుతుంది. పైకి చూస్తూ నోరు తెరుస్తుంది, మూస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. ఆ రోజు చెప్పలేకపోయిన మాట నూకాలుకు ఇంకా చెబుతూనే ఉంది.